కారు కింద నల్ల చుక్కలు

ఉద్దానం చూసి వచ్చినవాళ్ళు రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. చదవడమేమిటి, నలభై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి, వాటిలో కొన్నిటిని నా చేత్తోనే కంపోజు చేశాను. అందరూ కొబ్బరితోటల నీడ దగ్గర మొదలుపెట్టి సముద్రపు గాలి దగ్గర ముగిస్తారు. మధ్యలో ఎక్కడో ఒక జీడితోట తగులుతుంది. వీళ్ళలో సగం మంది రైలు కిటికీలోంచి చూసి రాసినవాళ్ళని నా అనుమానం. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి కనక నాకు అంత ఊహాశక్తి లేదు. వెళ్ళి, తిరిగి, చేతివేళ్ళు కాల్చుకుని వచ్చి రాస్తున్నాను.

వెళ్ళింది విహారానికి కాదు. మా చెల్లెలు దాలమ్మది ఆ ఉద్దానంలోనే కవిటి. ఏడాదిగా కాళ్ళు వాస్తున్నాయి, మొహం ఉబ్బుతోంది. ఆ ప్రాంతంలో ఇది కిడ్నీల జబ్బని డాక్టరు చెప్పక్కర్లేదు, పక్కింటివాళ్ళే చెబుతారు. కొడుకు దండాసి హైదరాబాదులో తాపీపని చేస్తాడు. వాడు తణుకులో మా ఇంటికి ఫోన్ చేశాడు.

"మావా, అమ్మ నా మాట ఇనట్లేదు. రెండుసార్లు ఇసాపట్నం ఆసుపత్రికి సీటీ రాయించినాను. ఓసారి నడుం నొప్పంది, ఓసారి ఆవు ఈనుతాదంది. ఈ శనివారం పొద్దున్న పెద్ద డాక్టరు సూత్తానన్నాడు. ఇప్పుడే ఎల్తే మందుల్తో ఆగుద్దంట. ఆలీసం అయితే రత్తం కడిగే మిసను మీదే బతుకంట. నువ్వు దగ్గరుండి కారెక్కించు."

కారంటే పాత అంబాసిడర్. ప్రెస్సు మూసేసినప్పుడు యజమాని నాకు చవగ్గా ఇచ్చాడు. నేనే తోలుతాను, నేనే బాగుచేస్తాను. మరమ్మతుల పుస్తకం ఒకటి అక్షరం అక్షరం కంపోజు చేసినవాణ్ణి, నాకు ఇంకొకడు చెప్పాలా?

టెక్కలి

బుధవారం సాయంత్రానికి టెక్కలి చేరాను. రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు. వెడల్పు ఎప్పటికి వస్తుందో గాని, ముందుగా లోతు వచ్చింది.

టీ రెండు రూపాయలు. మా తణుకులో మూడు రూపాయలు తీసుకుని గ్లాసు నిండా పోస్తాడు. ఇక్కడి గ్లాసు చూస్తే పసిపిల్లలకి ఆముదం పట్టే ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది. గోదావరి జిల్లాల్లో కొత్తవాణ్ణి "ఎక్కడినుంచండీ రావడం" అని అడుగుతారు. జవాబు వినకపోయినా మర్యాదకి లోటు రానివ్వరు. ఇక్కడ గ్లాసు చేతికివ్వకముందే "ఎవుల తాలూకా బాబూ?" అని, అంటే ఎవరి మనిషివని, అడిగి, చెప్పేదాకా చిల్లర ఇవ్వరు.

మాది ఈ పక్క పల్లేనని, పన్నెండో ఏట ప్రెస్సు పనికి వెళ్ళిపోయానని చెప్పాను. టీ కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అయితే మనోడివే. మరా మాటేటి అలగైపోనాది, రేడియోలో వార్తల్లాగ?"

మర్నాడు పొద్దున్నే రావివలస వెళ్ళి ఎండల మల్లికార్జునుడికి దండం పెట్టుకున్నాను. ఆయన పైకప్పు లేకుండా ఎండలోనే ఉంటాడు. దేవుడికే లేని నీడ నీకెందుకని, కారుని కూడా ఎండలోనే నిలబెట్టాను. డిక్కీ తలుపు పెనంలా కాలింది. ఆ డిక్కీ సంగతి ముందు ముందు వస్తుంది కనక గుర్తుపెట్టుకోండి.

భావనపాడు

భావనపాడులో ఎర్రయ్య అనే పడవ మనిషిని చూడాలని వెళ్ళాను. వాళ్ళ నాన్న నా చిన్నప్పుడు మా ఊరికి కావిడితో ఎండుచేపలు తెచ్చేవాడు. ఎర్రయ్య నన్ను ఎన్నడూ చూడలేదు, అయినా వాళ్ళ నాన్న పేరు చెప్పగానే ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. వాళ్ళావిడ చేపల పులుసు వడ్డించింది. మావైపు పులుసులో బెల్లం ముక్క వెయ్యకపోతే నేరం. ఇక్కడ వేస్తే నేరం. రెండు పక్కలా తిన్నవాణ్ణి కనక చెబుతున్నాను, నేరస్థులం మేమే.

తిన్నాక ఎర్రయ్య ఒడ్డున బోర్లించిన పడవకి నల్లగా చిక్కటి నూనె ఏదో పూస్తూ కూర్చున్నాడు. వాసన ఘాటుగా ఉంది. తారు అని చూడగానే పోల్చుకున్నాను. తారు ఎలా తయారవుతుందో, చెక్కని పురుగు పట్టకుండా ఎలా కాపాడుతుందో ఒకప్పుడు అచ్చువేసిన పుస్తకంలోంచి గుర్తుతెచ్చుకుని పది నిమిషాలు విడమర్చి చెప్పాను. అతను చేతులకి మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించుకుని, కర్రకి చుట్టిన గుడ్డతో పూస్తూ విన్నాడు. మధ్యలో ఒక్కసారే నోరు విప్పాడు.

"కూసింత ఎడంగా నిలబడు తాతా. మీద పడితే సిట్లిపోద్ది."

"చల్లారిన తారు ఒంటిమీద పడితే ఏమీ కాదు నాయనా" అన్నాను.

"అలగేలే" అన్నాడు ఎర్రయ్య, తన పని తాను చేసుకుంటూ.

పలాస

పలాసలో ముక్కే దారి చూపిస్తుంది. జీడిపిక్కలు కాల్చే వాసన ఏ వీధిలో ఎక్కువగా ఉంటే ఆ వీధిలో నా చిన్ననాటి స్నేహితుడు పాపారావు బట్టీ. ఇద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం. వాడు పిక్కలు కొట్టించి పప్పు అమ్ముకుంటున్నాడు, నేను అక్షరాలు ఏరి కళ్ళు పోగొట్టుకున్నాను. బట్టీలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు పగలగొడుతున్నారు. అందరి వేళ్ళూ నల్లగా, మాడిన చెక్కల్లా ఉన్నాయి. మా దాలమ్మ పెళ్ళికి ముందు ఇలాంటి బట్టీలోనే ఆరేళ్ళు పనిచేసింది. పప్పు మాత్రం తెల్లగా మెరిసిపోతూ అద్దాల దుకాణాల్లోకి వెళుతుంది. ఏ దుకాణంలోనూ పప్పు పక్కన ఆ వేళ్ళు పెట్టి అమ్మడం నేను చూడలేదు.

పాపారావు టీ తెప్పించాడు. తణుకులో నా పుస్తకాలకి చెదలు పట్టిన సంగతి వాడికి గంటసేపు చెప్పాను. బీరువా చెక్క తినేశాయి, రెండు అరల పుస్తకాలు తినేశాయి, మందు చల్లితే మందు కూడా తినేశాయి.

"నువ్వు సదివి బాగుపడింది నేదు" అన్నాడు పాపారావు. "సెదలైనా బాగుపడనీ బావా."

బయలుదేరేటప్పుడు కారు దాకా వచ్చి, "డిక్కీలో ఓ డబ్బా ఎట్టించినాను. ఇంటికెల్లినాక ఇప్పుకో. దార్లో కదపకు" అన్నాడు.

కొంచెం దూరం పోయాక కారు ఆపి చూశాను. జీడిపప్పు ఎగుమతి చేసే చదరపు రేకు డబ్బా. దాని మీద జీడిపప్పు బొమ్మ. ఎత్తితే బరువుగా ఉంది. పది కిలోలకి తగ్గదు. కళ్ళు చెమర్చాయి. స్నేహమంటే ఇదీ అనుకున్నాను. ఆ వెంటనే ఇంకొకటి కూడా అనుకున్నాను, దాచడం దేనికి. కవిటిలో ఈ డబ్బా కంటబడితే దాలమ్మ ఇరుగుపొరుగు పిల్లలందర్నీ పిలిచి తలో గుప్పెడు పంచేస్తుంది, దాని చెయ్యి అలాంటిది. అందుకని డబ్బాని పక్కకి పడుకోబెట్టి, మీద నా పరుపుచుట్ట వేసి, తాళం రెండుసార్లు తిప్పాను.

కవిటి

కవిటి చేరేసరికి దీపాలు పెట్టారు. దాలమ్మ వాకిట్లో నిలబడి ఉంది. వంగి కాళ్ళు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి, నేను చెయ్యి కడుక్కుని వచ్చేదాకా గుంట అలాగే ఉంది.

"అలగ సూడకు అన్నియ్యా" అంది. "మనిసి పలసబడతాంటే కాలైనా బలిసినాది గదా."

రాత్రికి చోడి అంబలి, అదే రాగి అంబలి, పనసగింజల కూర, వేయించిన ఎండుచేప. కొబ్బరికాయ మా తణుకులో అడిగే ధరలో సగమే ఇక్కడ. నీళ్ళు మాత్రం సైకిల్ మీద డబ్బాలతో తెప్పించుకుంటున్నారు. బావి నీళ్ళ మీద నమ్మకం పోయింది. జబ్బుకి కారణం ఒకరు నీళ్ళంటారు, ఒకరు తోటలకి కొట్టే మందులంటారు, ఒకరు ఉప్పుచేపంటారు. ఏడాదికోసారి సీసాలు పట్టుకుని ఎవరో వస్తారట, బావి నీళ్ళు పట్టుకెళతారట. "మా నీల్లు అంత బాగున్నాయో ఏటో, పట్టుకెల్లినోలు మల్ల రారు" అంది దాలమ్మ.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి బయలుదేరాలి. తెల్లవారగానే కారు తుడుద్దామని వెళితే, వెనక ఎడమ చక్రం దగ్గర ఇసకలో అరచేతి మందాన నల్లటి మరక. చూస్తూండగానే ఇంకో చుక్క పడింది.

ముందు చక్రం దగ్గర కారితే ఇంజనాయిల్ అనుకుని ఊరుకోవచ్చు. వెనక చక్రం దగ్గరంటే బ్రేకు. గతుకుల రోడ్డు, ఎదురుగా లారీలు, పక్కన జబ్బుమనిషి. బ్రేకు లేని కారులో చెల్లెల్ని ఎక్కించుకుని ఎలా వెళ్ళను? వెళ్ళకపోతే శనివారం డాక్టరు దాటిపోతాడు.

రెండు వేళ్ళతో చుక్కని అద్ది, రుద్ది, వాసన చూశాను. మరమ్మతుల పుస్తకంలో అలాగే రాసి ఉంది. దాలమ్మ అరుగు మీంచి చూస్తోంది. మెల్లగా లోపలికి వెళ్ళి గిన్నెతో కొబ్బరినూనె తెచ్చి నా వేళ్ళకి బాగా పట్టించింది.

"ఆ సెయ్యి కంటికెట్టకు" అంది.

పెద్దవాళ్ళయ్యాక కూడా అన్న మీద ఎంత ప్రేమో అనుకుని పొంగిపోయాను.

మొదటి వైద్యుడు పక్కింటి దానియేలు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలి, ఇప్పుడు బాప్టిస్టు చర్చిలో చందా పళ్ళెం తిప్పుతున్నాడు. బోనెట్ ఎత్తే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. కార్ల విషయంలో మొదట చెయ్యాల్సింది అదే. తర్వాత పుల్లతో మరకని కెలికి వాసన చూసి, "ఇది బ్రేకు కాదు బాబూ, ఎనకిరుసులో పోసే క్రౌన్ ఆయిల్. నలుపు సూడండి" అన్నాడు.

రెండో వైద్యుడు కవిటి సెంటర్లో ఆటోలు బాగుచేసే మెకానిక్. జీవితమంతా మూడు చక్రాలతో గడిపిన మనిషి కనక తప్పు నాలుగో చక్రం దగ్గరే ఉంటుందని చూడకుండానే తేల్చేశాడు. "వీల్ సిలిండర్ పోనాది తాతా, బ్రేకాయిల్ కారతాది. ఇప్పాల."

"బ్రేకాయిల్ నిండుగా ఉంది గదా, కారితే తగ్గాల గదా" అన్నాడు దానియేలు.

"తగ్గుద్ది. ఇంకా తగ్గనేదు" అన్నాడు మెకానిక్. ఇంత గొప్ప శాస్త్రం నేను ఏ పుస్తకంలోనూ పేర్చలేదు. అయినా నేనూ బ్రేకే అనుకున్నాను కనక వాడి పక్షమే చేరాను.

"డిక్కీ తియ్యండి తాతా, జాకీ కావాల" అన్నాడు వాడు.

"జాకీ లేదు" అన్నాను.

ఉంది. డిక్కీలో, డబ్బా పక్కనే ఉంది. దానియేలు నన్ను జాలిగా చూసి, ఇంటికెళ్ళి లారీ జాకీ మోసుకొచ్చాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, ఎండలో. దానికి నన్ను ఆయన ప్రభువే క్షమించాలి.

చక్రం విప్పారు. బ్రేకు డ్రమ్ము విప్పారు. లోపల పొడిగా, దుమ్ముతో ఉంది. మూశారు. క్రౌన్ దగ్గర తడిమారు. అక్కడా పొడే. అప్పుడు నేను కారు కింద పాత పేపరు పరిచాను. చుక్క ఎక్కడ పడుతుందో అదే చెబుతుంది. చుక్క చక్రానికి జానెడు వెనగ్గా, ఎవరో నాయకుడి ఫొటో మీద పడింది. చక్రం లోపల కారేది చక్రం వెనక ఎందుకు పడుతుందని అడగాల్సింది. నేల వాలు అన్నాడు మెకానిక్. వాలు ఎటుందో చూడకుండా ముగ్గురం తలలూపాం. చుట్టూ మూగినవాళ్ళలో ఒకాయన డీజిల్ ట్యాంకన్నాడు. ఇంకొకాయన కారు మీద ఎవరిదో దిష్టి పడిందన్నాడు.

పన్నెండయింది. నాకు ఒళ్ళు మండింది. కారు కింద నాలుగు చుక్కలు పడితే పొద్దుటినుంచి నలుగురు వైద్యులు, ఒక ప్రార్థన, ఒక జాకీ. ఈ వీధిలో ఇంటికొక మనిషి కాళ్ళు వాచి మంచం పడితే, ఎందుకు వస్తోందో విప్పి చూసే మెకానిక్ ఒక్కడూ రాలేదు. సీసాలవాళ్ళు వచ్చారు, బోనెట్ ఎత్తి చూసి, మూసి వెళ్ళిపోయారు.

దాలమ్మ అన్నం తినమని పిలిచింది. ఆ వేళ చాలా హుషారుగా ఉంది. మెకానిక్‌కి రెండుసార్లు మజ్జిగ ఇచ్చింది, "బాగా సూడు బాబూ, తొందరేటి నేదు" అని.

"పోనీలే అన్నియ్యా" అంది నాకు వడ్డిస్తూ. "బండి బాగునేనప్పుడు ఎలగెల్తాము. పై నెల సూద్దుము."

ముద్ద కలపబోతే వేళ్ళు భగ్గుమన్నాయి. చూసుకున్నాను. పొద్దున్న చుక్కని అద్దిన రెండు వేళ్ళ కొసలూ నల్లబడి, చర్మం ఉబ్బి, బొబ్బలెక్కుతున్నాయి. దాలమ్మ పులుసు గరిటె పట్టుకున్న చెయ్యి నా పక్కనే ఉంది. దాని వేళ్ళ కొసల మీద ముప్ఫై ఐదేళ్ళుగా పోని నల్లమచ్చలు.

రెండూ పక్కపక్కన కనిపించాయి. భావనపాడులో ఎర్రయ్య మోచేతుల దాకా పట్టించుకున్న కొబ్బరినూనె గుర్తొచ్చింది. మీద పడితే సిట్లిపోద్ది. పొద్దున్న గిన్నెతో వచ్చిన కొబ్బరినూనె గుర్తొచ్చింది.

"దాలమ్మా, బ్రేకాయిల్ ముట్టుకున్నవాడికి కొబ్బరినూనె ఎవరు రాస్తారే?" అన్నాను.

గరిటె ఆగింది.

"అది జీడినూనె" అన్నాను. "పిక్కల తొక్కలోంచి వచ్చేది. నీకు పొద్దున్నే తెలుసు."

"ఆరేల్లు ఆ నూనెలోనే బతికినాను, తెల్దేటి. వాకిట్లోకి రాకముందే వాసనొచ్చింది."

"తెలిసి నోరు మూసుకున్నావా? మెకానిక్ చక్రాలు విప్పుతుంటే మజ్జిగ పోశావా?"

దాలమ్మ గరిటె కింద పెట్టింది. "ఈ ఈదిలోంచి ఆసుపత్రికెల్లినోలు నలుగురు. మిసను మీద పడుకోబెట్టినారు. వారానికి రెండుసార్లు ఎల్తన్నారు, మేకలు అమ్ముకున్నారు, తోట అమ్ముకున్నారు. ఎల్లకముందు మడిసిలాగున్నోలు. నాను ఎల్లకపోతే నాకా జబ్బు నేదనే అనుకుంతాను గదా. బండి ఆగిపోతే బాగున్నని మొక్కుకున్నాను. ఆ పరమాత్ముడు ఇన్నాడనుకున్నాను." అని, కళ్ళు తుడుచుకుని, వెంటనే ఎదురు తిరిగింది. "నాను సెప్పనేదు, నిజమే. నువ్వేటి సెప్పినావు? డిక్కీలో ఏటున్నాదో పొద్దుట్నించి ఎవులికీ సూపించనేదే?"

ఇక దారి లేదు. వెళ్ళి డిక్కీ తెరిచాను. పరుపుచుట్ట తీశాను. సగం పరుపు, రెండు ధోవతులు నల్లగా ముద్దయిపోయాయి. పక్కకి పడుకోబెట్టిన డబ్బా అతుకు దగ్గర విచ్చుకుంది. అందులోంచి నూనె డిక్కీ అడుగున తుప్పు పట్టిన కన్నంలోకి, కన్నంలోంచి ఇసకలోకి కారుతోంది. పైన జీడిపప్పు బొమ్మ నాకేసి చూసి నవ్వుతున్నట్టుంది. పప్పు డబ్బా ఖాళీ అయితే అందులో తొక్కనూనె పోసుకోవడం పలాసలో పసిపిల్లలకి కూడా తెలుసట.

దానియేలు తొంగిచూసి, లారీ జాకీ వంక ఒకసారి, నా జాకీ వంక ఒకసారి చూశాడు. తన జాకీ తాను ఎత్తి పక్కన పెట్టుకున్నాడు. క్రైస్తవుల్లో ఉన్న కాఠిన్యం ఇదే, క్షమించేస్తారు.

"ఇది చెదలకని పాపారావు ఇచ్చింది" అన్నాను నీరసంగా.

"పాపారావు బావ మంచోడు" అంది దాలమ్మ. "నీకు సెదలకి మందిచ్చినాడు. నువ్వు నాకు కనపడకుండా జీడిపప్పు అనుకుని దాసినావు. నాకు గుప్పెడైనా ఎట్టవా అన్నియ్యా?"

మెకానిక్ పెద్దగా నవ్వాడు. ఇరవై రూపాయలు చాలన్నాడు, ఏమీ బాగుచెయ్యలేదు కనక. నేను యాభై ఇచ్చాను, ఎవరికీ చెప్పొద్దని. వాడు సెంటరు చేరకముందే ఊరంతటికీ తెలిసిపోయింది. మిగిలిన నూనె దానియేలు తన పశువుల పాక గుంజలకి పూసుకుంటానని పట్టుకెళ్ళాడు.

నేను దాలమ్మ ఎదురుగా కూర్చున్నాను. "చూడు. కారు కింద మరక చూసి నేను భయపడ్డాను. విప్పి చూస్తే బ్రేకు నిక్షేపంగా ఉంది. విప్పకపోతే ఈ పూటంతా బ్రేకు లేదనే ఏడ్చేవాణ్ణి. నీ సంగతీ విప్పి చూడనీ. మందులతో ఆగేదేమో. దండాసి అదే అన్నాడు" అన్నాను.

"ఇప్పితే నిజంగానే పోయుంటే?"

"అప్పుడైనా ఏది పోయిందో తెలుస్తుంది. మేక అమ్మాలో, నా కారు అమ్మాలో అప్పుడు చూద్దాం."

"ఆ కారు ఎవుడు కొంతాడు" అంది దాలమ్మ. చాలాసేపు వాకిట్లో మరక కేసి చూసింది. తర్వాత లేచి, లోపలికి వెళ్ళి, మూట కట్టుకుని వచ్చింది. మూట ముందురోజే కట్టి ఉంది. నేను గమనించలేదు.

మళ్ళీ టెక్కలి

మూడింటికి బయలుదేరాం. కవిటి దాటేదాకా దాలమ్మ వెనక్కి తిరిగి తోటల్నే చూసింది. పలాసలో పాపారావు బట్టీ ముందు కారు ఆపలేదు. ఆపితే చెప్పాలి, చెబితే చచ్చేదాకా వింటూనే ఉండాలి. నా వేళ్ళు స్టీరింగు మీద నిలవడం లేదు. దాలమ్మ దారంతా మధ్యమధ్యన కొబ్బరినూనె రాస్తూ వచ్చింది, చిన్నప్పుడు బట్టీ నుంచి వచ్చాక దాని వేళ్ళకి అమ్మ రాసినట్టు.

టెక్కలిలో చీకటి పడకముందే అదే టీ కొట్టు ముందు ఆపాను. టీ కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. "రేడియో బాబు వచ్చినాడు" అన్నాడు లోపలివాళ్ళతో. దాలమ్మని చూసి, "ఈయమ్మ ఎవుల తాలూకా?" అని అడిగాడు.

"నా తాలూకా" అన్నాను.

ఉగ్గుగిన్నె గ్లాసుల్లో టీ తాగాం. దాలమ్మ గ్లాసు ఇచ్చేసి, కారు వెనక్కి నడిచింది. వాచిన కాళ్ళతో, బంపర్ పట్టుకుని, మెల్లగా వంగింది. వద్దన్నా వినలేదు. చక్రం పక్కన, చక్రం వెనక, డిక్కీ కింద, నేలంతా చూసింది. అరచేత్తో మట్టి తడిమి, అరచెయ్యి చూసుకుంది. తర్వాత నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"ఏటీ కారట్లేదు" అంది. "ఇంక వంక నేదు. పద."